ఎర దుంగలు

బెరడు పురుగు బియ్యపు గింజంత ఉంటుంది. నల్లగా, వెనకభాగం ఎవరో ఉలితో చెక్కినట్టు గుంటపడి, ఆ గుంట అంచున సన్నటి ముళ్లతో. నా చదువు రోజుల్లో అలాంటివి కొన్ని వందలు నా చేతిమీదుగా వెళ్లాయి. ఒక్కొక్కదాన్ని సన్నటి పట్టకారుతో పట్టుకుని, బూజు పెంచే అగర్ జెల్లీ పోసిన పళ్లెంలో అటూ ఇటూ నడిపించి తీసేసేదాన్ని. నాలుగు రోజులకి అది నడిచిన దారంతా బూజు మొలిచేది. ముందు నల్లటిది, గబగబా. అది చెక్కకి నీలం మరక పెట్టే రకం. ఆ తర్వాత పది రోజులకో, ఇంకాస్త ఆలస్యంగానో తెల్లటిది, దూదిపోగులా. నాకు కావలసింది ఆ తెల్లది. చెక్కని లోపల్నుంచి తినేసేది అదే.

పురుగు చెట్టులోకి తొలుచుకుపోతూ తన కాళ్లకీ, ఒంటిమీది నూగుకీ అంటుకున్న బూజు విత్తనాల్ని కూడా లోపలికి తీసుకెళ్తుంది. మోస్తున్నట్టు దానికి తెలియదు. ఒక పైన్ చెట్టు నుంచి ఇంకో పైన్ చెట్టుకి కుళ్లు అలా ప్రయాణం చేస్తుంది. ఏ పురుగు ఒంటిమీద ఏ బూజు ఉందో తేల్చడం, మెల్‌బోర్న్‌లో నా మాస్టర్స్ ప్రాజెక్టు.

పాప పడుకున్నాక ఇది కొంచెం కొంచెంగా రాస్తున్నాను. రెండు పేజీలు రాసి, లేచి వెళ్లి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, మళ్లీ వచ్చి కూర్చుంటున్నాను. ఇలా చూడటం దానికి రెండేళ్లు నిండినా మానలేకపోతున్నాను.

నేను పనిచేసిన పైన్ చెట్లు ఒక పెద్దావిడవి. ఎనభై దగ్గర పడిన మనిషి. మెల్‌బోర్న్ శివార్లలోని క్లైడ్ నార్త్‌లో నేనూ మా ఆయనా అద్దెకుండే గది నుంచి గంటంబావు దూరం, గిప్స్‌ల్యాండ్ కొండల మీద ఆవిడ ఇల్లు. భర్త పోయి చాలా కాలమైంది. ఆవుల్ని అమ్మేసినా పొలాన్ని వదల్లేదు. ఇంటికి పడమటి పక్కన వరసగా పైన్ చెట్లుండేవి. పెళ్లయిన ఏడాది భార్యాభర్తలిద్దరూ కలిసి నాటినవి, పడమటి గాలి ఇంటిని కొట్టకుండా. మొత్తం ఇరవై ఆరు. అంతకుముందు వేసవిలో అందులో రెండు ఎర్రబడి చచ్చిపోతే ఆవిడ యూనివర్సిటీకి ఫోన్ చేసింది. ఆ ఫోన్ మా సూపర్‌వైజర్‌కి వెళ్లింది. అప్పుడే ప్రాజెక్టు కోసం చోటు వెతుక్కుంటున్న నన్ను ఆయన అక్కడికి తీసుకెళ్లాడు.

"చచ్చిన రెండిటి సంగతి నాకక్కర్లేదు, లవ్," అంది ఆవిడ మొదటిరోజే, వంటింటి బల్ల మీద నా ముందు నిమ్మకాయ షర్బతు పెడుతూ. ఆవిడ అందర్నీ 'లవ్' అనే పిలిచేది, పోస్టు తెచ్చే అతన్ని కూడా. "మిగిలినవి నిలబెట్టు. నీ చదువుకి ఏం కావాలన్నా తీసుకో."

నాకు కావలసింది ఎర దుంగలు. ఆరోగ్యంగా ఉన్న పైన్ చెట్టుని పురుగు తొలిస్తే చెట్టు బంక కార్చి దాన్ని అందులోనే ముంచేస్తుంది. నీళ్లు చాలక దాహంతో ఉన్న చెట్టుకి బంక చాలదు. అప్పుడే నరికిన దుంగకి ఆ బంక కార్చే శక్తి అసలుండదు, వాసన మాత్రం బతికున్న చెట్టులాగే ఉంటుంది. పురుగులు దానికే ముందు వస్తాయి. మగది తొలుచుకుని లోపలికి వెళ్లి వాసనతో మిగతావాటిని పిలుస్తుంది. బెరడు కింద గుడ్లు పెడతాయి. పిల్లలు ఆ మెత్తటి పొరని తింటూ పెరిగి, మంచి వేసవిలో ఐదారు వారాలకి రెక్కలొచ్చి, బెరడుకి చిల్లు పెట్టుకుని బయటికెళ్లిపోతాయి. ఆలోపే దుంగల్ని తీసుకొచ్చేయాలి. అలా తెస్తే వచ్చిన పురుగులన్నీ మన చేతికి చిక్కుతాయి, చుట్టుపక్కల చెట్లకీ బెడద తగ్గుతుంది.

"దుంగ పెట్టడం ఎవరైనా పెడతారు," అన్నాడు మా సూపర్‌వైజర్. "వేళకి తియ్యడమే పని."

వేళకి తియ్యకపోతే అది ఎర కాదు, పురిటిగది. ఆ ముక్క ఆయన అనలేదు. తర్వాత నేనే అనుకున్నాను.

డిసెంబరు మొదటివారంలో, అక్కడ వేసవి మొదలయ్యే వేళకి, వరసలోనే గాలికి ఒరిగిపోయిన ఒక చెట్టుని కొట్టించి, మీటరు పొడుగు ముక్కలు పది చేసి, వరసలో మూడుచోట్ల నీడన పెట్టాం. వరసలో బతికున్నవి ఇరవై మూడు మిగిలాయి. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడింది.

"అంటే పురుగుల్ని నువ్వే పిలుస్తున్నావన్నమాట, నా ఇంటికి."

"పిలిచి, పట్టుకుపోతానండీ. అవి బయటికి రాకముందే. జనవరి పదో తారీఖుకి వచ్చి తీసేస్తాను."

ఆవిడ లోపలికెళ్లి గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ గడిలో పెన్సిలుతో 'దుంగలు' అని రాసుకుంది. నేను చూస్తుండగానే.

క్రిస్మస్‌కి మూడు రోజుల ముందు నాకు నెల తప్పిందని తెలిసింది.

అది రెండోసారి. ముందు ఏడాది ఒకసారి ఆరో వారంలోనే తెలిస్తే, సంతోషం ఆపుకోలేక అందరికీ చెప్పేశాను. మేం అద్దెకుండే ఇంటి ఓనరు ఆంటీ ప్రేయర్ గ్రూపులో స్వీట్లు కూడా పంచాను. తొమ్మిదో వారంలో పోయింది. స్వీటు తిన్నవాళ్లందరికీ మళ్లీ ఫోన్లు చేసి చెప్పుకోవాల్సి వచ్చింది. అందుకే ఈసారి అమ్మ ఫోన్‌లోనే గట్టిగా పట్టుకుంది.

"మూడో నెల దాటేదాకా నోరు విప్పావంటే ఊరుకోను. పోయినసారి ఊరంతా టముకేశావు, ఏమైంది?"

"దానికీ దీనికీ సంబంధం లేదమ్మా."

"నీకు పురుగుల సంగతి తెలుసు, నాకు మనుషుల సంగతి తెలుసు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందే పిచ్చిదానా. నువ్వెంత, నీ కడుపులో నలుసెంత! మీ ఆయనకి చెప్పు, నాకు చెప్పావు, చాలు. ఆ తెల్లాయన, ఎవరు, మీ మేస్టారు, ఆయనకి మాత్రం చెప్పమాక."

నేను మైక్రోస్కోపు కింద బూజు చూసే మనిషిని. దిష్టిని నమ్మను. కానీ నమ్మనని తెగించే ధైర్యం ఆ రోజుల్లో లేదు. ఒకసారి చెప్పాను, పోయింది. చెప్పకుండా ఉంటే నిలుస్తుందేమో. ఉండి చూస్తే పోయేదేముంది అనుకున్నాను.

జనవరి మొదలవగానే వాంతులు పట్టుకున్నాయి. నీళ్లు తాగినా నిలిచేవి కావు. బ్రష్ నోట్లో పెట్టుకుంటే చాలు. ఇంటి ఆంటీది భీమవరం వైపు, వృద్ధాశ్రమంలో నర్సుగా చేసేవారు. ఆవిడ ఎండురొయ్యలు వేయించిన రోజు నేను బాత్రూంలోంచి రెండు గంటలు బయటికి రాలేదు. ఆవిడ తలుపు బయట నిలబడి గొంతు తగ్గించి అన్నారు:

"ఏవమ్మా, నేనేం అడగను. నువ్వేం చెప్పకు. నలభై ఏళ్లనించి నర్సుని, నాకేం కనపడలేదు, సరేనా? రేపట్నించి రొయ్యలు మాత్రం మా చర్చి సిస్టర్ ఇంట్లో వండుకుంటాలే."

నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వుకి మళ్లీ వాంతొచ్చింది.

మా ఆయన ఆ మూడు నెలలూ సిడ్నీలో ఉన్నారు. కాంట్రాక్టు పని మీద వెళ్లి, స్కోఫీల్డ్స్‌లో స్నేహితుడింట్లో ఉండేవారు. పదో తారీఖు పొద్దున నేను ఫోన్ చేసి, కారు తాళం చేతిలో పట్టుకుని గేటుదాకా వెళ్లి వెనక్కొచ్చానని చెప్పాను. ఆ కొండ మలుపులు తలుచుకుంటేనే కడుపులో తిప్పింది.

"పురుగులేగా," అన్నారాయన. "వారం లేటైతే కొంపలేం మునగవులే."

"మునుగుతాయండీ. వాటి లోపల పిల్లలున్నాయి."

"నీ లోపలా ఉంది. ముందు దాని సంగతి చూడు. మీ ప్రొఫెసర్‌కి ఒక మెయిల్ కొట్టు, ల్యాబ్‌లోంచి ఎవర్నైనా పంపిస్తాడు."

"ఎందుకు రాలేవంటే?"

"ఫుడ్ పాయిజనింగ్ అను."

అదే రాశాను. సూపర్‌వైజర్ వెంటనే జవాబిచ్చాడు. విశ్రాంతి తీసుకో, కావాలంటే టెక్నీషియన్‌ని పంపిస్తాను, చెప్పు. నేను రెండు గంటలు ఆ మెయిల్ ముందు కూర్చుని, అక్కర్లేదు, రెండు రోజుల్లో నేనే వెళ్తాను అని రాశాను. ఎందుకలా రాశానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. టెక్నీషియన్ వెళ్తే నా ఫీల్డ్ ఫారాలు తిరగరాయాలి. ఆ ఫారంలో గర్భవతులు ముందుగా తెలియజేయాలని ఒక గడి ఉంది. దాని దగ్గర అబద్ధం రాయడం ఇష్టం లేదు, నిజం రాయడానికి లేదు. పైగా తెలిస్తే పొలానికి పంపడం మానేస్తారని, ప్రాజెక్టు ఇంకెవరికో ఇచ్చేస్తారని భయం. అన్నిటికంటే నిజమైన కారణం ఒకటి. రోజూ సాయంత్రానికి కాస్త తేలికయ్యేది. రేపు వెళ్లగలననిపించేది. పొద్దున లేచేసరికి మళ్లీ అదే. అలా ఒక రేపు, ఇంకో రేపు. ఆ వారం ఎండలు మండిపోయాయి. మంచం మీద పడుకుని నేను ఎండని లెక్కపెట్టేదాన్ని. ఎంత వేడిగా ఉంటే బెరడు కింద అంత తొందరగా పెరుగుతాయి. నా కడుపులోది నిలవాలని, అక్కడివి ఇంకొన్నాళ్లు ఎదగకుండా ఆగాలని ఒకే నోటితో మొక్కుకునేదాన్ని.

ఇరవై ఏడో తారీఖున వెళ్లాను. పక్కసీటులో ఖాళీ ఐస్‌క్రీం డబ్బా పెట్టుకుని, మూడుచోట్ల ఆగుతూ.

దూరం నుంచే అర్థమైంది. దుంగల కింద నేలమీద ఎర్రటి పొట్టు, కారప్పొడి చల్లినట్టు. బెరడు నిండా చిల్లులు, ఆవగింజ పట్టేంత, గుండ్రంగా. లోపలికెళ్లినప్పటి చిల్లులకంటే చాలా ఎక్కువ. ఒక దుంగ అంచున బెరడు ఒలిచాను. సుతారంగా ఊడొచ్చింది. కింద అవి తొలిచిన దారులు చక్కగా ఉన్నాయి, పెద్దదారి, దాన్నించి పక్కలకి పిల్లదారులు, ప్రతి దారి చివర ఒక చిన్న గది. అన్ని గదులూ ఖాళీ. దారుల పొడుగునా చెక్క నీలంగా మారింది. ఇంకో దుంగ ఒలిచాను. అందులో ఇంకా రెక్కలు గట్టిపడని లేత గోధుమరంగువి ఒక పది కదిలాయి. మిగతావి వెళ్లిపోయాయి.

అప్పుడు లేచి చెట్ల దగ్గరికి వెళ్లాను. దగ్గర్లో ఉన్న చెట్టు బెరడు పగుళ్లలో అదే ఎర్రటి పొట్టు. చేత్తో తుడిచేశాను. తుడిచి ఏం లాభమో, చెయ్యి మాత్రం ఆగలేదు. పక్క చెట్టుకీ ఉంది. ఆ పక్కదానికీ. ఒక్కటంటే ఒక్కదానికి బంక చుక్క కారలేదు. రెండు నెలలుగా వాన లేదు అక్కడ. బెరడు కిందికి వెళ్లిన పురుగుకి మందు లేదు. ఆ సంగతి నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ముందుగా కొట్టి కాల్చాలి. అది వేసవి, కార్చిచ్చు భయంతో నిప్పు నిషేధం ఉంది. కాల్చడానికీ లేదు. అయినా నిలబడి ఉన్న చెట్లు, పచ్చగా ఉన్నవి, వాటిని కొట్టెయ్యమని ఆవిడకి ఎవరు చెప్తారు?

దుంగల్ని మందపాటి సంచుల్లో కట్టి, ఒక్కొక్కదాన్ని దొర్లించి కారు దగ్గరకి తెస్తుంటే ఆవిడ వచ్చింది.

"బరువులెత్తుతున్నావు. మొహం చూసుకున్నావా, పాలిపోయింది." తర్వాత చెట్లవైపు తల తిప్పి, "అంతా బాగానే ఉందా?"

"బాగానే ఉందండీ," అన్నాను.

చెట్లు వెంటనే చావవు. ఫిబ్రవరిలో పచ్చగానే ఉన్నాయి. నాకు మూడో నెల దాటింది, అమ్మ ఒప్పుకుంది, అందరికీ చెప్పాను. సూపర్‌వైజర్ చాలా సంతోషించి, ముందే చెప్పి ఉంటే ఆ దుంగలు నేనే వెళ్లి తెచ్చేవాణ్నిగా అన్నాడు. మార్చిలో ఆకుల పచ్చదనం వెలిసినట్టయింది. ఏప్రిల్ కల్లా పద్నాలుగు చెట్లు తుప్పురంగులోకి తిరిగాయి. సరిగ్గా దుంగలు పెట్టినచోట్ల చుట్టూ. అప్పటికి వాటిలోని పురుగులు ఎప్పుడో ఎగిరిపోయాయి.

ల్యాబ్‌లో దుంగల పురుగుల మీంచి మొలిచిన తెల్లబూజునీ, చచ్చిన చెట్లలోంచి తీసిన తెల్లబూజునీ పక్కపక్కన పెట్టుకుని రోజుల తరబడి చూశాను. ఒకేలా ఉన్నాయి. సూపర్‌వైజర్‌కి చూపించాను.

"ఒకేలా ఉంటే ఏమర్థం?" అన్నాడు. "ఈ జిల్లాలో ఎక్కడ చూసినా ఇదే ఉంటుంది. నీ దుంగల్లోంచే వెళ్లాయని దీన్నిబట్టి చెప్పలేం."

"వెళ్లలేదని చెప్పగలమా?"

"అదీ చెప్పలేం. ఈ కరువులో నీ దుంగలు లేకపోయినా పోయేవేమో. ఉన్నదున్నట్టు రాయి, అంతే."

ఉన్నదున్నట్టు రాశాను. 'ఎర దుంగలను నిర్ణీత తేదీ కంటే పదిహేడు రోజులు ఆలస్యంగా తొలగించడమైనది.' థీసిస్‌లో ఒక్క వాక్యం. దిద్దినవాళ్లెవరూ దానికింద గీత కూడా గీయలేదు. మంచి మార్కులొచ్చాయి.

మే నెలలో చెట్లు కొట్టేవాళ్లొచ్చిన రోజు మా ఆయన నన్ను అక్కడికి తీసుకెళ్లారు. ఆరో నెల నాకు. రావద్దన్నారు, నేనే పట్టుబట్టాను. ఆవిడ వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఒక్కో చెట్టు పడుతున్నప్పుడు ఇంటి కిటికీలు అదిరేవి. ఐదో చెట్టు పడ్డాక నేను చెప్పేశాను. పదో తారీఖున రాలేకపోయానని, ఎందుకు రాలేకపోయానో, ఎవరు చెప్పొద్దన్నారో, అప్పటికే పురుగులు వెళ్లిపోయాయని, ఆ రోజు బాగానే ఉందని అబద్ధం చెప్పానని. మాటలు వరసగా రాలేదు. మా ఆయన తల వంచుకుని నిలబడ్డారు.

ఆవిడ ఇంకో కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"క్యాలెండరులో రాసుకున్నాను," అంది. "ఆ రోజు దాటాక రోజూ చూసేదాన్ని. యూనివర్సిటీ వాళ్లకి తెలియదా, మధ్యలో నేనెవరు అడగడానికి అనుకున్నాను."

"మా అమ్మ..."

"మీ అమ్మ తప్పేం లేదు. మేమూ మూడు నెలలదాకా చెప్పం, లవ్. నేనూ చెప్పలేదు నా ఇద్దరప్పుడూ." షెడ్డు వైపు గడ్డంతో చూపించింది. "అక్కడ ట్రాక్టరుంది. నీకు ఒంట్లో బాగాలేదని ఒక్క మాట అంటే చాలు, ఎందుకని అడిగేదాన్నా? అరగంటలో ఆ పదీ ఈడ్చి, ప్లాస్టిక్ పట్టా కప్పి, చుట్టూ మన్ను వేసేదాన్ని."

కోపంగా అనలేదు. కోప్పడితే నాకు ఏడవడానికైనా వీలుండేది. లేచి లోపలికెళ్లి నిమ్మకాయ షర్బతు తెచ్చింది. దాన్నే తాగాను.

వరసకి ఆ చివర నాలుగు, ఈ చివర ఐదు చెట్లు మిగిలాయి. మధ్యలో ఆకాశం.

పోయిన నెలలో పాపని తీసుకుని మళ్లీ వెళ్లాం. ఆవిడే ఫోన్ చేసి రమ్మంది. ఇంటి పడమటి తలుపుకి ఇప్పుడు అడ్డంగా ఇటుక పెడుతోంది. గాలి అంత తోస్తోంది. బట్టలు ఆ పక్కన ఆరేయడం మానేసిందట. వంటింట్లో మాట్లాడుతుంటే మధ్యమధ్యలో ఆ తలుపు ఇటుకని కొట్టుకుంటూనే ఉంది. ఆ శబ్దానికి నేను ఉలిక్కిపడ్డప్పుడల్లా ఆవిడ టీ కప్పు నావైపు జరిపేది. అలవాటైపోతుందిలే అంది. నాకు చెప్పిందో తనకే చెప్పుకుందో తెలియలేదు.

పాప బయట కొట్టేసిన చెట్ల మొదళ్ల మధ్య ఆడుతోంది. ఒక మొదలు పక్కన చెక్కలోంచి అరచేతుల్లా పొడుచుకొచ్చిన తెల్లటి పుట్టగొడుగులున్నాయి. నేను పళ్లెంలో పెంచిన బూజు పెద్దదైతే అలా ఉంటుంది. నేను వరండా మెట్లు దిగేలోపే పాప రెండు చేతులూ వాటికి అదిమింది.

"మమ్మీ, లుక్! సాఫ్ట్!"

"ముట్టుకోకమ్మా, వద్దు," అన్నాను.

"ఉండనీ," అంది ఆవిడ వెనకనుంచి. "పిల్లల్నేం చేయదది."

పిల్లల్నేం చేయదని నాకూ తెలుసు. పాప తన చేతుల్ని చూసుకుంది, వేళ్లకి తెల్లటి పిండిలాంటిదేదో అంటుకుంది. గౌనుకి కొంత తుడుచుకుంది. తర్వాత గాలికి ఎదురుగా, రెండు చేతులూ చాచి, ఆ చివర మిగిలిన నాలుగు చెట్ల వైపు పరుగెత్తింది. నేను పిలిచాను. మళ్లీ పిలిచాను. అది వెళ్లి మొదటి చెట్టుని కావలించుకుంది.